నా పూర్తి సమ్మతితో

నా ఇంటి కాంట్రాక్టు కాగితం చివరి పేజీలో ఒక వాక్యం ఉంది. ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా, పూర్తిగా చదువుకుని, నా పూర్తి సమ్మతితో ఈ ఒప్పందం మీద సంతకం చేస్తున్నానని దాని సారం. కింద నా సంతకం ఉంది. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ మాస్టారిని. ఎనిమిదో తరగతి పిల్లలకి రాజ్యాంగం, చట్టాలు చెబుతాను. ఆ వాక్యంలో ఒక్క ముక్క నిజం లేదు. నేను చదవలేదు. నాకు సమ్మతి లేదు. బలవంతం ఉంది. అయినా నా చెయ్యి ఎవరూ పట్టుకోలేదు. పెన్ను కూడా నాదే.

ఇది 2019 అక్టోబరులో జరిగింది. మూడేళ్లపాటు ఎవరికీ చెప్పలేదు. చదువుకున్నోడు మోసపోయాడంటే నవ్వుతారని భయం. ఇప్పుడు చెప్పాల్సి వస్తోంది. ఎందుకో చివర్లో చెబుతాను.

మాది మాదిగపల్లె. మా అయ్య ఒక ఆసామి దగ్గర ఏడేళ్లు పాలేరు. ఊరు మండల కేంద్రం అయ్యాక ఊరి పక్క పొలాలన్నీ ప్లాట్లయినాయి. మా అయ్య దున్నిన చేను కూడా రాళ్లు పాతి ప్లాట్లు చేశారు. 2012 డీఎస్సీలో నాకు ఉద్యోగం వచ్చింది. అప్పటికి మా అయ్య పోయి ఏడాది. ఆ చేలోనే మూడు సెంట్లు కొనాలని నాకు పంతం పట్టింది. ఎందుకంటే ఏం చెప్పను? మా అయ్య చెమట అక్కడ ఇంకింది. ఆ మట్టి మీద మా అమ్మ మంచం వేసుకుని పడుకోవాలనిపించింది.

ఆరు లక్షలు ధర. జీతం మీద లోను పెట్టి, మా ఇంటామె గొలుసూ గాజులూ కుదవబెట్టి అయిదు లక్షలు కట్టాను. చేతికి ఒక తెల్లకాగితం మీద రశీదు ఇచ్చారు. మిగతా లక్ష రిజిస్ట్రేషన్ నాడు ఇవ్వాలి. ఆ రిజిస్ట్రేషన్ ఈ వారం, వచ్చే వారం అంటూ రెండు నెలలు జరిగింది. ఒకరోజు కబురొచ్చింది, ఇంటికి రమ్మని.

వెళ్లాను. వసారాలో పెద్దాయన కూర్చుని ఉన్నాడు. పక్కన ఆయన బావమరిది, ఇళ్లు కట్టే కాంట్రాక్టరు. నాకు కుర్చీ వేశారు. మిత్రులారా, ఆ కుర్చీ సంగతి మీకు చెప్పాలి. ఆ వసారా మెట్ల కింద, చెప్పులు చేతిలో పట్టుకుని మా అయ్య నిలబడటం నేను చూశాను. నా చిన్నప్పుడు ఆ ఇంట్లో నాకు దోసిట్లో నీళ్లు పోశారు. ఇప్పుడు కుర్చీ వేసి, స్టీలు గ్లాసులో కాఫీ ఇచ్చి, "మాస్టారూ" అన్నారు. నాలో ఏదో మెత్తబడిపోయింది. నన్ను మనిషిగా చూశారు గదా అనుకున్నాను. చూడటం వాళ్ల బాధ్యత, అది నా హక్కు అని క్లాసులో చెప్పేవాణ్ని నేనే. అక్కడ మాత్రం అది నాకు దయలాగా అనిపించింది.

కాంట్రాక్టరు స్టాంపు కాగితాలు బయటికి తీశాడు. "మన ప్లాట్లల్లో ఇళ్లన్నీ నేనే కడుతున్నా మాస్టారూ. మీదీ నేనే కడతా. గురువారం రిజిస్ట్రేషన్ చేయిద్దాం. ఇవ్వాళ ఇది అయిపోతే మంచిది" అన్నాడు.

రిజిస్ట్రేషన్‌కీ కాంట్రాక్టుకీ ముడి ఏందని నేను అడగాలి. అడగలా. "ఇంటికి తీసుకుపోయి చదువుకుని రేపు తెస్తానండీ" అన్నాను. అంతే. అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేదు.

పెద్దాయన నవ్వాడు. కోపం లేదు. "ఏమయ్యా, మామీద నమ్మకం లేదా? మీ అయ్య మా ఇంట్లో ఏడేళ్లు చేశాడు. ఏనాడన్నా కాగితం చదివాడా?" అన్నాడు.

నేను పెన్ను తీశాను.

ఆ కాగితంలో ఏముందో సంతకం అయ్యాక, ఇంటికొచ్చి చదివాను. తొమ్మిది వందల అడుగుల ఇల్లు. అడుగుకి పదిహేను వందలు. అదే ప్లాట్లలో వాళ్లవాళ్లకి పదమూడు వందల యాభైకి కట్టాడని తర్వాత తెలిసింది. ఆ తేడా లక్షా ముప్పై అయిదు వేలు, నా మూడు నెలల జీతం. పునాది తియ్యకముందే నాలుగు లక్షలు ఇవ్వాలి. ఇనుము, సిమెంటు ధర పెరిగితే నేనే భరించాలి. పని ఆలస్యమైతే అతనికి ఏ జరిమానా లేదు. నేను మధ్యలో మానుకుంటే అడ్వాన్సు తిరిగి రాదు. ఎన్ని పాళ్ల సిమెంటు, ఏ ఇనుము, ఎన్ని అడుగుల లోతు పునాది, వీటిలో ఒక్కటి కూడా రాయలేదు.

మా ఇంటామె అడిగింది, "అంతా చదివే పెట్టావా?" అని. చదివాను అన్నాను. ఆమె గొలుసు మీద కొన్న స్థలం అది. ఆమెకి అబద్ధం చెప్పాను. స్టాఫ్ రూములో మంచి రేటుకి కుదిరిందని చెప్పాను. అదీ అబద్ధమే. గోడలు లింటెల్ దాకా లేచాయి. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి పని ఆగింది. మళ్లీ మొదలుపెట్టడానికి ఇంకో లక్షా ఇరవై వేలు అడిగాడు. కాగితం ప్రకారం అతను కరెక్టు. ఇచ్చాను. 2021లో ఇంట్లోకి చేరాం. మొదటి వానకే శ్లాబు ఒక మూల చెమ్మ పట్టింది. బాగుచేయిస్తానన్నాడు. చేయించలేదు.

ఇప్పుడు నా ప్రశ్న చెబుతాను. మన బతుకు అవతలివాడి చేతిలో ఉన్నప్పుడు మనం పెట్టిన సంతకం మనదేనా? మనది కాదంటే, దానివల్ల జరిగినదానికి మనకి బాధ్యత లేదా?

డిగ్రీ చదివే రోజుల్లో నాకు ఈ ప్రశ్న చాలా తేలిక. మా అయ్యని నిలదీశాను. 1994లో మా అక్కకి జబ్బు చేస్తే ఎనిమిది వందలు తెచ్చి, ప్రోనోటు మీద వేలిముద్ర వేశాడు. ఆ ఎనిమిది వందలూ వడ్డీతో కలిసి పెరిగి ఏడేళ్ల జీతాన్ని మింగేసింది. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లోనే వచ్చింది. మా అయ్య వేలిముద్ర వేసేనాటికి దానికి పద్దెనిమిదేళ్లు. ఆ చట్టం వయసు మా పల్లెలో ఎవరికీ తెలియదు. "ఎందుకేశావయ్యా వేలిముద్ర? అంత ఎలా అయిందని అడగొద్దా?" అని కాలేజీ నుంచి వచ్చిన పొగరుతో అడిగాను.

మా అయ్య బీడీ ముట్టించుకున్నాడు. "ఏసేటప్పుడు నీకిష్టమేనా అని నన్నెవరడిగార్రా? పిల్ల జొరంతో కాలిపోతంది. డబ్బులు ఆయన చేతిలో ఉన్నయ్. యేలు నాదే గానీ, దాన్ని నొక్కింది జొరం" అన్నాడు.

అప్పుడు ఆ మాట నాకు చేతగాని మాటలాగా వినపడింది. చదువులేక అట్లా అయింది, నేను చదువుకున్నాను గనక నాకు అట్లా కాదు అనుకున్నాను. పాతికేళ్ల తర్వాత ఆయన నిలబడ్డ చోటే నేను కుర్చీలో కూర్చుని ఆ పనే చేశాను. మా అయ్యకి చదవడం రాదు. నాకు వచ్చు. అయినా చదవలేదు. చదువు నాకు కాగితంలో ఏముందో తెలుసుకునే శక్తినిచ్చింది. వద్దని చెప్పి లేచి రావడానికి కావాల్సిన శక్తి వేరే. అది వద్దన్నాక కూడా బతకగలిగినవాడికి ఉంటుంది. నా అయిదు లక్షలు వాళ్ల పెట్టెలో ఉంటే ఆ శక్తి నాకెక్కడిది?

మా పల్లెవాడే ఒకతను జిల్లా కోర్టులో వకీలు. తర్వాత ఎప్పుడో మాటల్లో, నా స్నేహితుడికి జరిగిందన్నట్టు అతన్ని అడిగాను. అతను చట్టం చెప్పాడు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం. అందులో పద్నాలుగో సెక్షను స్వేచ్ఛా సమ్మతి అంటే ఏమిటో చెబుతుంది. పదిహేను బలవంతం గురించి. బెదిరించడమే కాదు, ఒకరి ఆస్తిని అన్యాయంగా పట్టి ఉంచి ఒప్పించినా బలవంతమే. పదహారు అనుచిత ప్రభావం గురించి. ఒకడు ఇంకొకడి మనసుని శాసించగల స్థానంలో ఉండి, దాన్ని వాడుకుని అన్యాయమైన లాభం పొందితే, ఆ సమ్మతి సమ్మతి కాదు. అలాంటి ఒప్పందాన్ని నష్టపోయినవాడు కావాలంటే రద్దు చేయించుకోవచ్చు. ఒప్పందం పైకి చూడగానే అన్యాయంగా ఉంటే, ఒత్తిడి లేదని రుజువు చేసుకోవాల్సింది ఆ పైచేయి ఉన్నవాడే.

వినగానే నాకు సంతోషం వేసింది. నూటయాభై ఏళ్ల కిందటి తెల్లవాడి చట్టంలో మా అయ్య మాట ఉంది. వేలు ఎవరిదని ఒక్కటే అడిగి ఊరుకోవద్దు, దాన్ని నొక్కింది ఏమిటో కూడా చూడమంటోంది. వకీలు నవ్వాడు. "మీ స్నేహితుడు ఏం చేస్తాడు?" అన్నాడు. టీచరు అన్నాను. "ఎమ్మే బీఈడీ చదివి, పిల్లలకి చట్టాలు చెప్పేవాడు కోర్టులో నిలబడి, నా మీద ఒత్తిడి అయింది సార్ అంటే అవతలి వకీలు ఊరుకుంటాడా? ఎవరన్నా కొట్టారా, తిట్టారా, తలుపేశారా అని అడుగుతాడు. ఏం చెబుతాడు?"

కుర్చీ వేశారు అని చెప్పాలి. కాఫీ ఇచ్చారు. మా అయ్య పేరెత్తారు. ఇంతే. ఈ మూడూ ఎంత బరువో మన పల్లెలో పుట్టినవాళ్లకి చెప్పక్కర్లేదు. పుట్టనివాళ్లకి ఎట్లా చెప్పాలో నాకు తెలియదు. నా చదువు అక్కడ నాకు సాక్ష్యం చెప్పదు, నా మీద సాక్ష్యం చెబుతుంది.

అంబేద్కర్ 1947లో రాజ్యాంగ సభ కోసం షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ తరఫున 'స్టేట్స్ అండ్ మైనారిటీస్' అనే పత్రం తయారుచేశాడు. అందులో ఆయన పనిలేనివాడి గురించి మాట్లాడతాడు. పని ఇస్తాను, కానీ గంటల లెక్క ఉండదు, సంఘంలో చేరకూడదు, నోరెత్తకూడదు అని యజమాని అంటే పనిలేనివాడు ఏం ఎంచుకుంటాడని అడుగుతాడు. ఆకలి భయం, గూడు పోతుందన్న భయం, పిల్లల బడి మానిపించాల్సి వస్తుందన్న భయం ఉన్నవాడు తన హక్కుల కోసం నిలబడలేడని ఆయన వాదన. ఇది పరీక్షలకి నేను ఎన్నోసార్లు చదివాను. గూడు భయం దగ్గర ఎప్పుడూ ఆగలేదు. ఇప్పుడు ఆగుతున్నాను.

ఆయనకే జరిగింది ఇంకొకటి ఉంది. 1932 ఆగస్టులో బ్రిటిష్ ప్రభుత్వం అంటరాని కులాలకి ప్రత్యేక నియోజకవర్గాలు ఇచ్చింది. సెప్టెంబరు 20న ఎరవాడ జైల్లో గాంధీ దానికి వ్యతిరేకంగా నిరాహారదీక్షకి కూర్చున్నాడు. ఆయనకేమన్నా అయితే పల్లెల్లో మనవాళ్ల గతి ఏమవుతుంది? దేశమంతా అంబేద్కర్ మీద పడింది. సెప్టెంబరు 24న పూనాలో ఒప్పందం అయింది. ప్రత్యేక నియోజకవర్గాలు పోయాయి. వాటికి బదులు ఉమ్మడి నియోజకవర్గాల్లో 148 సీట్లు రిజర్వు అయ్యాయి. ఆ ఒప్పందం మీద అంబేద్కర్ సంతకం ఉంది. ఆయన చెయ్యి కూడా ఎవరూ పట్టుకోలేదు.

నా ఇంటి గొడవని ఆ చరిత్రతో సమానం చేయడం లేదు. నేను మూడు సెంట్ల మనిషిని. కానీ ఆయన ఆ సంతకాన్ని తర్వాత ఏం చేశాడన్నది నాకు కావాలి. నేను పెట్టలేదని బుకాయించలేదు. ఇష్టపడే పెట్టానని గొప్పలకీ పోలేదు.  1945లో కాంగ్రెస్, గాంధీ అంటరానివాళ్లకి చేసిందేమిటో చెబుతూ పెద్ద పుస్తకమే రాసి, ఆ సంతకం ఎటువంటి పరిస్థితిలో జరిగిందో, దానివల్ల ఏం పోయిందో అందరి ముందూ పెట్టాడు. సంతకం ఎవరు పెట్టించారో, ఎట్లా పెట్టించారో చెప్పడం ఆయన ఆపలేదు.

నేను చేసింది దానికి సరిగ్గా ఎదురు. నోరు మూసుకున్నాను. నోరు మూసుకున్నందుకే రెండో తప్పు జరిగింది. ఈ వ్యాసం రాస్తున్నది దాని గురించే.

2022లో మా పల్లెలో పదకొండుమంది ఆడవాళ్లకి ప్రభుత్వం ఇళ్లు మంజూరయ్యాయి. అదే కాంట్రాక్టరు వచ్చాడు. పదకొండు ఇళ్లూ నేనే కడతానన్నాడు. పల్లెలో అనుమానపడ్డారు. అతను నా దగ్గరికొచ్చాడు. "మాస్టారూ, మీరు చెబితే వింటారు. సాక్షి సంతకం మీరు పెట్టండి. మీ శ్లాబు పని కూడా ఈ వారంలోనే చేయిస్తా" అన్నాడు.

రామాలయం లేని పల్లె మాది. చర్చి అరుగు మీద కూర్చున్నాం. ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి వేలు సిరాలో ముంచుతున్నారు. కొందరు సంతకాలు చేశారు. కాగితం నా చేతిలో ఉంది. పైపైన చూశాను. నా కాగితంలో ఉన్న షరతులే. అడ్వాన్సు ముందే. జరిమానా లేదు. సిమెంటు పాళ్లు రాయలేదు. నాకు తెలుసు. ఈ లోకంలో ఆ కాగితం సంగతి నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

మా పెద్దమ్మ వంతు వచ్చింది. మా అమ్మకి అక్క. మొగుడు లేడు. కూలికి పోయి కూడబెట్టిన నలభై వేలు కొంగున ముడేసుకుని వచ్చింది. వేలు సిరాలో పెట్టి, కాగితం మీద పెట్టకుండా నా వైపు చూసింది. "అబ్బయ్యా, చదివావా? వెయ్యమంటావా?" అంది.

"వెయ్యి పెద్దమ్మా" అన్నాను.

నా శ్లాబు మూల చెమ్మ గుర్తుంది నాకు. అతనితో ఎందుకు గొడవ అన్న భయం ఉంది. నాకు జరిగింది ఇప్పుడు చెబితే, ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడుగుతారన్న సిగ్గు ఉంది. ఆ మూడూ కలిసి ఆ రెండు మాటలు అనిపించాయి.

ఆమె ఇల్లు బేస్‌మట్టం దగ్గర ఆగింది. నలభై వేలూ పోయాయి. ఉన్న పాత గుడిసె పీకేశారు గనక ఆ వానాకాలమంతా పట్ట కింద పడుకుంది. నేను శ్లాబు కింద పడుకున్నాను. శ్లాబు మూల బాగుచేయించాడు, మాట నిలబెట్టుకున్నాడు.

నా ప్రశ్నకి జవాబు నాకు అక్కడ దొరికింది. ఆ వసారాలో పెట్టిన సంతకానికి నేను సిగ్గుపడక్కర్లేదు. మా అయ్య వేలిముద్రకీ సిగ్గుపడక్కర్లేదు. మెడ మీద కాలు పెట్టినవాడు సిగ్గుపడాలి. కానీ చర్చి అరుగు మీద పెట్టిన సంతకం వేరు. నా మీద ఒత్తిడి ఉందని అక్కడ కూడా చెప్పుకోవచ్చు. అది నిజమే. కానీ పెద్దమ్మ మీద ఒత్తిడి ఎవరు? కాంట్రాక్టరు కాదు. అతన్ని ఆమె నమ్మలేదు. ఆమె వేలిని నొక్కింది నా చదువు, నా ఉద్యోగం, నా మాట. పెద్దాయన నాకు కుర్చీ వేసినట్టు, ఆమె ముందు నన్ను వేశారు. ఒత్తిడికి లొంగినవాణ్ని క్షమించవచ్చు. ఆ ఒత్తిడి తన చేతిమీదుగా తనకన్నా కిందివాళ్లకి పోతుంటే చూస్తూ ఊరుకున్నవాడు, నేనూ బాధితుణ్నే అని తప్పించుకోకూడదు. మనలో చదువుకుని ఉద్యోగాలకెళ్లిన వాళ్లందరం ఏదో ఒక అరుగు మీద ఇట్లా కూర్చునే ఉంటాం. సాక్షి సంతకాలు మన చేతే పెట్టిస్తారు.

2023 ఏప్రిల్ 14న అంబేద్కర్ బొమ్మ దగ్గర పల్లె అంతా కూడింది. ఏటా నేనే ఉపన్యాసం ఇస్తాను. ఆ రోజు ఉపన్యాసం ఇవ్వలేదు. నా కాంట్రాక్టు కాగితం తీసి చదివాను, మొదటి నుంచి చివరి దాకా. తర్వాత పెద్దమ్మ కాగితం చదివాను. రెండూ ఒకటేనని అందరికీ అర్థమైంది. వసారాలో ఏం జరిగిందో చెప్పాను. గొంతు పోయింది నాకు. మా ఇంటామె ముందు వరసలో కూర్చుని ఉంది. ఆమెకీ అప్పుడే తెలిసింది. వారంరోజులు నాతో మాట్లాడలేదు. అది న్యాయమే. ఆమె గొలుసు కుదవబెట్టేటప్పుడు నీకిష్టమేనా అని నేనూ అడగలేదు.

కుర్రాళ్లు కోపంతో లేచారు, నా మీదా కాంట్రాక్టరు మీదా. పదకొండుమందిలో ఏడుగురు ఆడవాళ్లు కలిసి హౌసింగ్ ఆఫీసుకి పోయారు. రెండుసార్లు తిప్పారు. మూడోసారి పల్లె అంతా పోతే కాంట్రాక్టర్ని పిలిపించారు. నాలుగు ఇళ్ల పని మళ్లీ మొదలైంది. మిగతావాళ్లు సొంతాన మేస్త్రిని పెట్టుకున్నారు. పెద్దమ్మ ఇంటికి పైకప్పు వేయడానికి ఇంకో ఏడాది పట్టింది. నలభై వేలూ నా జీతంలోంచి కట్టాను. కట్టినంత మాత్రాన అరుగు మీది సంతకం చెరిగిపోలేదు. ఊళ్లో నన్ను ఇప్పుడు ఆ వసారాలోకి ఎవరూ పిలవరు.

ఆ రోజు బొమ్మ దగ్గర అందరూ అరుస్తుంటే పెద్దమ్మ కొంతసేపు ఏమీ అనలేదు. తర్వాత లేచి, "ఆణ్ణి తిట్టి లాభం లేదు. ఆడికీ అక్కడ ఒంటిగానే పెట్టించారు, మాకూ ఒక్కొక్కళ్లకి పెట్టించారు. ఇకమీదట ఏ కాగితమొచ్చినా సరే, ఆ రాత్రి మన పల్లెలో నిద్ర చేయాల. పొద్దున్నే అందరి ముందూ చదవాల. నిద్ర చెయ్యనన్న కాగితానికి వేలు వెయ్యొద్దు" అంది.

చట్టం పుస్తకాల్లో స్వేచ్ఛా సమ్మతికి నిర్వచనాలు చదివాను. వసారాలో నేను అడిగింది కూడా ఒక్క రాత్రే. ఒంటరిగా అడిగాను గనక నవ్వారు. ఇప్పుడు మా పల్లెకి వచ్చే కాగితాలు, అప్పులవైనా, భూములవైనా, ఇళ్లవైనా, చర్చి బీరువాలో ఒక రాత్రి నిద్ర చేస్తున్నాయి. పొద్దున చదివే పని నాది. పెద్దమ్మ వచ్చి నా ఎదురుగా కూర్చుంటుంది. ఒక్క లైను తొందరగా చదివినా, "మళ్లీ చదువు" అంటుంది.